లోను కాగితాల ఇంగ్లీషు: సంతకం పెట్టే ముందు ఏ మాట దగ్గర ఆగాలి

మన ఇళ్లలో అప్పు మాటల్లో సగం ఇంగ్లీషే. ఈఎంఐ కట్టావా, సిబిల్ ఎంతుంది, షూరిటీ ఎవరు పెడుతున్నారు, వాడు ఐపీ పెట్టేశాడట కదా... బడికి వెళ్లని వాళ్లు కూడా ఈ మాటలు తడుముకోకుండా అనేస్తారు. చిక్కంతా కాగితం దగ్గరే. శాంక్షన్ లెటర్‌లోనో, ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన నోటీసులోనో పక్కపక్కనే కనిపించే రెండు మాటలు ఒకేలా అనిపిస్తాయి, వాటి మధ్య తేడా మాత్రం వేలల్లో ఉంటుంది, ఇంటి లోను అయితే లక్షల్లో ఉంటుంది.

అగ్రిమెంటు మొత్తం చదవమని చెప్పను, ఎవరూ చదవరు, మేనేజరు గారు కూడా చదివి ఉండరు. కానీ పెన్ను తీసే ముందు నాలుగు ప్రశ్నలకి జవాబు ఎక్కడుందో వెతుక్కోండి: ఎవరు కట్టాలి, ఎంత కట్టాలి, ఎప్పుడు కట్టాలి, కట్టకపోతే ఏం చేస్తారు. అప్పు గురించిన ఇంగ్లీషు మాటలన్నీ దాదాపుగా ఈ నాలుగింట్లో ఏదో ఒక దాని కిందికే వస్తాయి.

ముందు చిన్న సంగతి, ఎవరు ఎవరికి

బారో అంటే తీసుకోవడం, లెండ్ అంటే ఇవ్వడం. తెలుగులో రెండు వైపులా అప్పు అనే మాటే వాడుకుని చివర్లో ఇచ్చాను, తీసుకున్నాను అని తిప్పుతాం కాబట్టి ఇంగ్లీషులోకి వచ్చేసరికి "హీ బారోడ్ మీ ఫైవ్ థౌజండ్" అని రాసేస్తుంటారు, అతను ఇచ్చాడని చెప్పాలనుకుని. అక్కడ "హీ లెంట్ మీ" అనాలి. ఓ (owe) అనే క్రియ బాకీ ఉన్న వాడితో మొదలవుతుంది: "ఐ ఓ హిమ్ ఫైవ్ థౌజండ్" అంటే బాకీ నాది, "హీ ఓస్ మీ" అంటే అతనిది. వాట్సాప్‌లో స్నేహితుడికి రాసేటప్పుడు తప్పితే నవ్వుకుని వదిలేస్తారు, కానీ డబ్బు గొడవ కోర్టుకి వెళ్తే ఆ మెసేజే సాక్ష్యంగా పెడతారు, అందుకని ఇదొక్కటి సరిగ్గా రాయడం అలవాటు చేసుకోండి. మన చేబదులుకి ఇక్కడి ఇంగ్లీషులో హ్యాండ్ లోన్ అంటారు. లాయరు నోటీసుల్లో తరచూ కనిపిస్తుంది, వేరే దేశం వాళ్లకి మాత్రం ఈ మాట చెప్తే అర్థం కాదు.

ఎవరు కట్టాలి

బారోవర్ అంటే అప్పు తీసుకున్నవారు. కో-బారోవర్ లేదా కో-అప్లికెంట్ అంటే తోడు సంతకం అని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు గానీ, అది మొదటి వ్యక్తితో సమానంగా అప్పు నెత్తిన వేసుకోవడం. ఇంటి లోనులో భార్యనో తండ్రినో కో-బారోవర్‌గా పెట్టినంత మాత్రాన ఇంట్లో వాటా రాదు. వాటా సేల్ డీడ్‌లో పేరుంటేనే. అప్పులో మాత్రం వాటా కాదు, మొత్తం అప్పు వస్తుంది.

గ్యారంటర్ అన్నా షూరిటీ అన్నా ఒకటే, మన హామీదారు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. "నీకేం కాదన్నయ్యా, ఊరికే ఫార్మాలిటీ, సంతకం పెట్టు" అని బావమరిది అడుగుతాడు, మొహమాటానికి పెట్టేస్తాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యత ఎంతో అంత. ముందు వాడి మీద కేసు వేసి, వాడి దగ్గర రాకపోతేనే మీ దగ్గరికి రావాలనే నియమం ఏమీ లేదు, బ్యాంకు నేరుగా మీ దగ్గరికే రావచ్చు. పైగా మీరు హామీ ఉన్న లోను మీ క్రెడిట్ రిపోర్టులో, అంటే సిబిల్ లాంటి కంపెనీలు ఉంచే మీ అప్పుల చిట్టాలో కూడా కనిపిస్తుంది. రేపు మీరు సొంతంగా లోనుకి వెళ్లినప్పుడు అది లెక్కలోకి వస్తుంది. చిట్‌ఫండ్ కంపెనీల్లో పాట పాడుకున్న వాళ్లు ఉద్యోగస్తుల షూరిటీ కోసం తిరుగుతుంటారే, అక్కడా ఇదే బాధ్యత.

విట్‌నెస్ మాత్రం వేరు. సాక్షి సంతకం అంటే ఫలానా వాళ్లు నా ముందు సంతకం పెట్టారు అనడం వరకే, డబ్బు కట్టే బాధ్యత లేదు. కాబట్టి ఎవరైనా సాక్షి సంతకం పెట్టు అని కాగితం ఇస్తే, మీ సంతకం కింద అచ్చులో ఉన్న మాట విట్‌నెస్సా, గ్యారంటరా అన్నది చూసుకుని పెట్టండి. మొహమాటం ఆ ఒక్క క్షణం పక్కన పెట్టాలి.

ఇంకో మాట: జాయింట్లీ అండ్ సెవరల్లీ. కలిసి, విడివిడిగా కూడా అని అర్థం. ముగ్గురు సంతకం పెట్టారు కాబట్టి మూడో వంతు కడితే నా పని అయిపోతుందని అనుకోడానికి లేదు. మిగతా ఇద్దరూ చేతులెత్తేస్తే మొత్తం మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు, ఆ తర్వాత వాళ్ల వెంట పడి వాళ్ల వాటా మీరు రాబట్టుకోవాలి.

ఎంత కట్టాలి

శాంక్షన్డ్ అమౌంట్ వాళ్లు ఇస్తామన్నది, డిస్‌బర్స్‌డ్ అమౌంట్ చేతికి వచ్చింది. 5 లక్షలు శాంక్షన్ అయ్యాక ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, మీరు అడగకుండానే కలిపేసిన ఇన్సూరెన్స్ ప్రీమియం పోగా ఖాతాలో పడేది తక్కువ ఉంటుంది, వడ్డీ మాత్రం పూర్తి 5 లక్షల మీద నడుస్తుంది. ఇన్సూరెన్స్ వద్దనుకుంటే ఇక్కడే, ఇప్పుడే చెప్పాలి, డబ్బు పడ్డాక చెప్తే వాళ్లు సవాలక్ష కారణాలు చెప్తారు.

ప్రిన్సిపల్ అంటే అసలు. అవుట్‌స్టాండింగ్ అంటే ఇవాళ్టికి ఇంకా మిగిలి ఉన్న మొత్తం బాకీ. డ్యూ అంటే ఈ వాయిదాలో కట్టాల్సింది, ఓవర్‌డ్యూ అంటే గడువు దాటిపోయింది. ఫోన్‌లో "అవుట్‌స్టాండింగ్ 4,12,000" అని చూసి గుండె గుభేల్‌మనక్కర్లేదు, అది మొత్తం లోను. అదే "ఓవర్‌డ్యూ 8,885" అని వస్తే అంకె చిన్నదే అయినా అప్పుడు టెన్షన్ పడాలి, ఆ రోజే కట్టాలి. అక్రూడ్ ఇంట్రెస్ట్ అంటే ఇంకా అడగలేదు గానీ రోజూ లోపల పెరుగుతున్న వడ్డీ.

ఈఎంఐలో అసలెంత, వడ్డీ ఎంత అన్నది అమార్టైజేషన్ షెడ్యూల్ అనే పట్టికలో ఉంటుంది. అడిగి తీసుకోండి. 30 లక్షల ఇంటి లోను, 9 శాతం, 20 ఏళ్లకైతే ఈఎంఐ దాదాపు 26,992 వస్తుంది. అందులో మొదటి నెల 22,500 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 4,492 మాత్రమే. రెండేళ్లు కట్టాను, అప్పు తగ్గలేదేంటి అని అడిగే వాళ్లందరికీ జవాబు ఆ పట్టికలోనే ఉంది.

క్రెడిట్ కార్డు బిల్లులో టోటల్ డ్యూ, మినిమమ్ డ్యూ అని రెండుంటాయి. మినిమమ్ కడితే లేట్ ఫీజు పడదు, అంతే. మిగతా దాని మీద వడ్డీ మొదలవుతుంది, కొత్తగా కొన్న వాటికి ఉండే వడ్డీలేని గడువు కూడా పోతుంది. నెలకి 3.5 శాతం అని చిన్నగా రాసి ఉంటే అది ఏడాదికి 42. మన లెక్కలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అన్నమాట, ఆ రేటుకి ఊళ్లో వడ్డీ వ్యాపారి ఇస్తానంటే దణ్ణం పెట్టి వచ్చేస్తాం.

వడ్డీ మాటల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం

మన వడ్డీ నెలకి నూటికి ఇన్ని రూపాయలు, బ్యాంకు వడ్డీ పర్ యానమ్, అంటే ఏడాదికి. రూపాయి వడ్డీ అంటే 12 శాతం, రెండు రూపాయలంటే 24. డ్వాక్రా సంఘాలకి పావలా వడ్డీ అన్నారే, అది ఏడాదికి 3 శాతం. ఏ కాగితం మీద రేటు కనిపించినా పక్కన పీఏ అని ఉందా, పీఎం అని ఉందా చూడండి. "జస్ట్ 2 పర్సెంట్ సార్" అని ఫోన్‌లో చెప్పేవాళ్లు నెలకా ఏడాదికా అన్నది మీరడిగే దాకా చెప్పరు.

సింపుల్ ఇంట్రెస్ట్ బారువడ్డీ, కాంపౌండ్ చక్రవడ్డీ, ఇంతవరకు స్కూల్లో చదువుకున్నదే. స్కూల్లో చెప్పనిది ఫ్లాట్ రేట్, రెడ్యూసింగ్ రేట్. ఫ్లాట్ అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే వేస్తారు. రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అంటే మిగిలిన దాని మీదే. లక్ష రూపాయలు, 12 శాతం, 12 నెలలు తీసుకుందాం. ఫ్లాట్‌లో వడ్డీ 12,000, నెలకి 9,333. రెడ్యూసింగ్‌లో నెలకి 8,885, మొత్తం వడ్డీ దాదాపు 6,619. రెండు చోట్లా కరపత్రం మీద 12 శాతం అనే ఉంటుంది, అబద్ధమేమీ కాదు! ఆ ఫ్లాట్ 12ని రెడ్యూసింగ్ లెక్కలోకి మారిస్తే ఇంచుమించు 21.5 శాతం అవుతుంది. సెకండ్‌హ్యాండ్ బండ్ల ఫైనాన్సులో, ఊళ్లలో వారం వారం వసూలు చేసే లోన్లలో ఈ ఫ్లాట్ మాట బాగా నడుస్తుంది.

ఈ గందరగోళం పోవడానికే ఏపీఆర్ అనే మాట ఉంది, యాన్యువల్ పర్సెంటేజ్ రేట్. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు లాంటి ఖర్చులన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో చెప్పే ఒక్క అంకె ఇది. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకీ, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది, దాన్నే కేఎఫ్ఎస్ అంటున్నారు, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అందులో ఏపీఆర్ ఉంటుంది. రెండు చోట్ల లోను పోల్చుకోవాలంటే వడ్డీ రేటు, ఈఎంఐ వదిలేసి ఈ అంకెలు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. అగ్రిమెంటు చదివే ఓపిక లేకపోయినా కేఎఫ్ఎస్ మాత్రం చదవండి, తెలుగులో ఇవ్వమని అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఫిక్స్‌డ్ అంటే రేటు మారదు, ఫ్లోటింగ్ అంటే రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు) లాంటి ఒక బెంచ్‌మార్క్‌తో పాటు మారుతుంది. బెంచ్‌మార్క్ పైన వాళ్లు కలుపుకునేది స్ప్రెడ్. రేటు పెరిగినప్పుడు చాలాసార్లు ఈఎంఐ అలాగే ఉంచి టెన్యూర్, అంటే కాలపరిమితి పెంచేస్తారు. మీ జేబుకి నొప్పి తెలియదు, ఇరవై ఏళ్ల లోను ఇరవై నాలుగేళ్లకి పాకుతుంది. రీసెట్ అనే మాటతో మెయిల్ వస్తే తెరిచి చూడాల్సింది అందుకే.

పీనల్ చార్జెస్ అంటే ఆలస్యానికి జరిమానా. ఇదివరకు పీనల్ ఇంట్రెస్ట్ అని వడ్డీలోనే కలిపేవారు, దాని మీద మళ్లీ వడ్డీ పడేది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం జరిమానాని చార్జీగానే వేయాలి, దాని మీద వడ్డీ వేయకూడదు. మీ స్టేట్‌మెంట్‌లో ఇంకా పీనల్ ఇంట్రెస్ట్ అని కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి.

ఎప్పుడు కట్టాలి

మారటోరియం అన్న మాట 2020లో అందరికీ పరిచయమైంది. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా వాయిదాలు కట్టకపోయినా పర్వాలేదన్నారు. మాఫీ అనుకుని ఊపిరి పీల్చుకున్న వాళ్లకి తర్వాత తెలిసింది, ఆగింది కట్టడమే గానీ వడ్డీ కాదని. ఆ ఆరు నెలల వడ్డీ అసలులో కలిసింది. 2 కోట్ల లోపు లోన్లకి చక్రవడ్డీకి, బారువడ్డీకి మధ్య తేడాని మాత్రం కేంద్ర ప్రభుత్వం భరించింది.

పిల్లల చదువు లోనులో కూడా ఇదే మాట వస్తుంది. ప్రభుత్వ బ్యాంకుల్లో సాధారణంగా కోర్సు నడిచినంత కాలం, ఆపైన ఒక ఏడాది మారటోరియం. ఆ కాలంలో బారువడ్డీ పడుతూనే ఉంటుంది. 20 లక్షలు, 10 శాతం, రెండేళ్ల ఎమ్మెస్, ఆపైన ఏడాది, మొత్తం ఒకేసారి విడుదలైందనుకుంటే మూడేళ్లకి 6 లక్షలు. అబ్బాయికి ఉద్యోగం వచ్చి మొదటి ఈఎంఐ కట్టేనాటికి అప్పు 26 లక్షలు. కుదిరితే ఆ వడ్డీ మాత్రం నెలనెలా కట్టుకుంటూ రావడం మేలు.

రీస్ట్రక్చరింగ్ అంటే గడువు, వాయిదా మార్చి లోనుని మళ్లీ అల్లడం. ఇబ్బందిలో ఉన్నప్పుడు ఉపయోగమే గానీ క్రెడిట్ రిపోర్టులో ఆ మాట పడుతుంది. గ్రేస్ పీరియడ్ అంటే గడువు దాటినా జరిమానా లేకుండా ఇచ్చే కొద్ది రోజులు, అది ఉందో లేదో కాగితంలో ఉంటేనే ఉన్నట్టు. యాప్‌లో లోను తీసుకుంటే కూలింగ్ ఆఫ్ పీరియడ్ అని వెతకండి. ఆ గడువులోగా వద్దనుకుంటే అసలు, వాడుకున్న రోజులకి అయ్యే ఖర్చు కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు, ఎన్ని రోజులన్నది కేఎఫ్ఎస్‌లోనే రాసి ఉంటుంది.

దేన్ని కుదవపెట్టారు

బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చుకునేది ప్లెడ్జ్, వస్తువు వాళ్ల చేతికి వెళ్తుంది. హైపోథికేషన్‌లో వస్తువు మన దగ్గరే ఉంటుంది, హక్కు మాత్రం వాళ్లకి ఉంటుంది, బండి లోను అలాంటిదే, ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉండేది అందుకే. మార్ట్‌గేజ్ అంటే స్థిరాస్తి తనఖా. అందులో ఈక్విటబుల్ మార్ట్‌గేజ్ అంటే దస్తావేజులు బ్యాంకులో డిపాజిట్ చేయడం. ఎన్‌కంబ్రెన్స్ అంటే ఆస్తి మీద ఉన్న భారం, మనం ఈసీ తీయించేది దాన్ని చూడ్డానికే. లియెన్ అనేది మీ సేవింగ్స్ ఖాతాలో కూడా కనిపించవచ్చు. బ్యాలెన్స్ ఉంటుంది, తీయబోతే రాదు, వివరాల్లో లియెన్ అమౌంట్ అని ఉంటుంది. అంటే అంత మేరకు బ్యాంకు పట్టి ఉంచింది అని, ఎందుకో బ్రాంచిలో అడగాలి.

కట్టకపోతే

డిఫాల్ట్ అంటే వాయిదా తప్పడం. ఒక్కరోజు ఆలస్యమైనా అది డిఫాల్టే, కానీ ఒక్కరోజుకి ఎవరూ ఇంటి మీదికి రారు. 30 రోజుల వరకు ఎస్ఎంఏ-0 (స్పెషల్ మెన్షన్ అకౌంట్, బ్యాంకు కన్నేసి ఉంచే ఖాతా), 60 వరకు ఎస్ఎంఏ-1, 90 వరకు ఎస్ఎంఏ-2 అని లెక్క, 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. పంట రుణాలకి ఈ తొంభై రోజుల లెక్క కాదు, పంట కాలాల లెక్క, స్వల్పకాలిక పంటలకైతే రెండు పంట కాలాలు. క్రెడిట్ రిపోర్టులో డీపీడీ అని ఉండే గడి గడువు దాటిన రోజుల సంఖ్య. అక్కడ సున్నాలుంటే బాగున్నట్టు.

లోను రీకాల్ అంటే వాయిదాల సంగతి లేదు, మొత్తం ఒకేసారి కట్టమని అడగడం. తనఖా ఉన్న లోనైతే 2002 నాటి సర్ఫేసీ చట్టం మాట నోటీసులో వస్తుంది. 13(2) అని కనిపిస్తే 60 రోజుల గడువు మొదలైందని. ఈ నోటీసుకి అభ్యంతరం రాసి ఇచ్చే హక్కు మీకుంది, ఇస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. 13(4) అని వస్తే ఆస్తి స్వాధీనం దాకా వచ్చేసినట్టు, అప్పుడు డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి 45 రోజులే ఉంటాయి. సాగుభూమి ఈ చట్టం కిందికి రాదు. ఈ నోటీసులు తీసుకోకుండా పోస్ట్‌మ్యాన్‌ని వెనక్కి పంపితే ఏదో తప్పించుకున్నట్టు అనుకుంటారు కొందరు, రోజులు మాత్రం లెక్కలో పడుతూనే ఉంటాయి.

రికవరీ ఏజెంట్ ఫోన్ చేయాలంటే పొద్దున 8 తర్వాత, సాయంత్రం 7 లోపు, అది రిజర్వ్ బ్యాంకు నియమం. మీ బంధువులకి, ఆఫీసు వాళ్లకి ఫోన్ చేసి పరువు తీయడానికి వీల్లేదు. అలా చేస్తే ఫోన్‌లో అరుచుకోవడం కంటే బ్యాంకు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ రాయండి, వాడాల్సిన మాట హరాస్‌మెంట్. తేదీ, టైము, నంబరు వేసి రాస్తే దానికో బరువు ఉంటుంది.

మాఫీ అనుకునే నాలుగు మాటలు

అసలు ఇంత పెద్ద రాత రాయడానికి కారణం ఈ భాగమే. వేవర్, రైట్ ఆఫ్, సెటిల్‌మెంట్, క్లోజర్. తెలుగులో నాలుగింటికీ "అప్పు పోయింది" అనేస్తాం.

వేవర్ అంటే నిజంగా మాఫీ, ఇక అడగరు. 2008లో కేంద్రం తెచ్చిన పథకం పేరు చూడండి, అగ్రికల్చరల్ డెట్ వేవర్ అండ్ డెట్ రిలీఫ్ స్కీమ్. పేరులోనే రెండు మాటలున్నాయి, రెండూ వేర్వేరు మనుషులకి. ఐదెకరాల లోపు చిన్న, సన్నకారు రైతులకి వేవర్, అంటే అర్హతలోకి వచ్చిన బాకీ మొత్తం రద్దు. అంతకంటే ఎక్కువ భూమి ఉన్నవాళ్లకి రిలీఫ్, అంటే 75 శాతం కడితే 25 శాతం తగ్గింపు. మాఫీ అయిపోయిందనుకుని కట్టకుండా కూర్చుంటే ఆ 25 కూడా వచ్చేది కాదు. 2014లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, 2024లో తెలంగాణలోనూ వచ్చినవి రుణమాఫీలు, అంటే ప్రభుత్వం మన తరఫున బ్యాంకుకి కడుతుంది. అందుకే ప్రభుత్వం డబ్బు వేసే దాకా బ్యాంకు పుస్తకంలో అప్పు మన పేరు మీదే ఉంటుంది, వడ్డీ నడుస్తుంది. ఇంట్రెస్ట్ సబ్‌వెన్షన్ అనేది మరొకటి, అసలు మనమే కట్టాలి, వడ్డీలో కొంత ప్రభుత్వం భరిస్తుంది. 3 లక్షల లోపు పంట రుణం 7 శాతానికి ఇస్తారు, గడువులోపు కట్టిన వాళ్లకి ఇంకో 3 తగ్గి 4 శాతం పడుతుంది. గడువు ఒక్కరోజు దాటినా ఆ 3 పోతుంది, కాబట్టి తేదీ రాసి పెట్టుకోండి.

రైట్ ఆఫ్ గురించి పేపర్లో వార్త వస్తుంది, ఫలానా ఏడాది బ్యాంకులు ఇన్ని వేల కోట్లు రైట్ ఆఫ్ చేశాయని, మనం పెద్దవాళ్లకి మాఫీ చేశారని తిట్టుకుంటాం. తిట్టడానికి వేరే కారణాలు ఉంటే ఉండొచ్చు గానీ రైట్ ఆఫ్ మాఫీ కాదు. ఇది వసూలయ్యేలా లేదని బ్యాంకు తన ఆస్తుల పద్దులోంచి తీసేయడం, అప్పు తీసుకున్నవాడు బాకీదారుగానే ఉంటాడు, వసూలు ప్రయత్నం కొనసాగుతుంది. మీ రిపోర్టులో రిటన్ ఆఫ్ అని ఉంటే సంతోషించకండి, అక్కడ పడే వాటిలో చెడ్డ మాటల్లో అదొకటి.

సెటిల్‌మెంట్, దాన్నే వన్ టైమ్ సెటిల్‌మెంట్, ఓటీఎస్ అంటారు. 3 లక్షల బాకీకి 1.8 లక్షలు కట్టు, వదిలేస్తాం అంటారు. గతిలేనప్పుడు మంచి దారే. కానీ రిపోర్టులో క్లోజ్డ్ అని పడదు, సెటిల్డ్ అని పడుతుంది, అంటే పూర్తిగా కట్టలేదు అని తర్వాతి బ్యాంకుకి చెప్పడం. అది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. స్తోమత ఉండి, ఏజెంట్ తగ్గిస్తానన్నాడని ఓటీఎస్‌కి వెళ్లడం నా దృష్టిలో తెలివితక్కువ పని. వెళ్లక తప్పకపోతే నోటిమాట నమ్మకుండా సెటిల్‌మెంట్ లెటర్ బ్యాంకు లెటర్‌హెడ్ మీద వచ్చాకే డబ్బు కట్టండి, అందులో "ఫుల్ అండ్ ఫైనల్" అనే మాట ఉండాలి.

క్లోజర్ అంటే బాకీ మొత్తం కట్టి లోను ముగించడం. గడువుకి ముందే మొత్తం కట్టేస్తే దాన్ని మన బ్యాంకుల్లో ఫోర్‌క్లోజర్ అంటారు, కొంత కడితే పార్ట్ పేమెంట్. సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి లోనుకి ఫోర్‌క్లోజర్ చార్జీ వేయకూడదు. ఇదే మాట అమెరికాలో ఉన్న మీ అక్కతో అంటే కంగారు పడుతుంది, అక్కడ ఫోర్‌క్లోజర్ అంటే కట్టలేక ఇల్లు పోగొట్టుకోవడం.

ఊళ్లో అప్పుల ఇంగ్లీషు

ప్రామిసరీ నోటు మన నోట్లో ప్రోనోటు అయింది. అచ్చు కాగితం మీద తెలుగులో "తమకు గానీ తమ అనుమతి పొందిన వారికి గానీ కోరిన తక్షణం చెల్లించగలవాడను" అని ఉంటుంది కదా, ఇంగ్లీషులో అదే "టు యూ ఆర్ ఆర్డర్, ఆన్ డిమాండ్". ఆర్డర్ అంటే ఆజ్ఞ అనుకోకండి, నోటుని వాళ్లు వేరొకరికి బదిలీ చేయొచ్చు, ఆ వేరొకరు వచ్చి మిమ్మల్ని అడగొచ్చు అని. వ్యాల్యూ రిసీవ్డ్ అంటే సొమ్ము ముట్టింది. డబ్బు చేతికి రాకుండా ఆ నోటు మీద, అంతకంటే ఘోరంగా ఖాళీ నోటు మీద సంతకం పెట్టకండి.

టైమ్ బార్డ్ అంటే కాలదోషం పట్టింది అని. ఆన్ డిమాండ్ నోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆలోగా కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఈ చెల్లుకి ఇంగ్లీషులో ఎండార్స్‌మెంట్. అప్పు ఇచ్చినవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే, తీసుకున్నవాళ్లు కూడా, ఏదో వెయ్యి రూపాయలు ఇచ్చి చెల్లు వేశాం కదా అని మర్చిపోతే ఎలా? చెక్కు హామీగా ఇచ్చి అది బౌన్స్ అయితే డిజానర్ అనే మాటతో నోటీసు వస్తుంది. అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు, అది క్రిమినల్ కేసు.

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం నుంచి వచ్చింది. నేను అప్పులు తీర్చలేను, ఉన్న ఆస్తి పంచేయండి అని కోర్టుని అడగడం. పెట్టినంత మాత్రాన అప్పులు ఎగిరిపోవు, కోర్టు విచారించి ఒప్పుకోవాలి, అంతకుముందే ఆస్తిని భార్య పేరునో బావమరిది పేరునో మార్చి ఉంటే ఆ బదిలీని కూడా తిరగదోడవచ్చు. మీకు ఇవ్వాల్సినవాడు ఐపీ పెడితే మీకు కోర్టు నోటీసు వస్తుంది, అందులో మీ పేరు క్రెడిటర్ అని ఉంటుంది, అప్పు ఇచ్చినవాడు అని. డెటర్ అంటే బాకీదారు. నోటీసు చింపేయకుండా లాయర్ దగ్గరికి తీసుకెళ్లండి.

అమెరికాలో ఉన్న పిల్లల కోసం రెండు ముక్కలు. కోసైనర్ అంటే తోడు సంతకం, బాధ్యత పూర్తిగా. డెలింక్వెంట్ అంటే వాయిదా దాటింది. చార్జ్ ఆఫ్ అంటే అక్కడి రైట్ ఆఫ్, క్రెడిట్ కార్డుకైతే సాధారణంగా 180 రోజులకి, ఆ తర్వాత బాకీ కలెక్షన్స్‌కి, అంటే వసూలు కంపెనీకి వెళ్తుంది. వాళ్ల నుంచి మొదటి నోటీసు వచ్చాక 30 రోజుల్లో "ఐ డిస్‌ప్యూట్ దిస్ డెట్" అని రాసి పంపితే రుజువు చూపించే దాకా వాళ్లు వసూలు ఆపాలి. ఇండియాకి వచ్చేశాం కదా అని వదిలేసే ముందు అక్కడ ఎవరు కోసైన్ చేశారో గుర్తు చేసుకోండి.

అప్పు తీరాక అడగాల్సినవి

ఆఖరి ఈఎంఐ కట్టగానే స్వీట్లు పంచే ముందు బ్రాంచికి ఒక మెయిల్ పెట్టండి: "ప్లీజ్ ఇష్యూ నో డ్యూస్ సర్టిఫికెట్ అండ్ రిటర్న్ ద ఒరిజినల్ డాక్యుమెంట్స్". పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఆస్తి కాగితాలు వెనక్కి ఇవ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు చెల్లించాలి, 2023 డిసెంబర్ నుంచి ఉన్న నియమం ఇది, మెయిల్‌లో ఈ సంగతి ఒక్క వాక్యం రాస్తే పని త్వరగా కదులుతుంది. తనఖా రిజిస్టర్ అయి ఉంటే దాన్ని రద్దు చేయించి, ఈసీలో ఆ భారం తీరినట్టు నమోదైందో లేదో చూసుకోవాలి. బండికైతే ఎన్ఓసీతో పాటు ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో హైపోథికేషన్ తీయించాలి, లేకపోతే అమ్మేటప్పుడు తీరిన అప్పు కోసం మళ్లీ ఆ కంపెనీ చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఒకటి రెండు నెలలు ఆగి క్రెడిట్ రిపోర్టు తీయండి, ఏడాదికి ఒకసారి ఉచితమే, అక్కడ ఆ లోను పక్కన క్లోజ్డ్ అని ఉండాలి. యాక్టివ్ అనో సెటిల్డ్ అనో ఉంటే నో డ్యూస్ సర్టిఫికెట్ జత చేసి ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీ వెబ్‌సైట్‌లోనే డిస్‌ప్యూట్ అనే బటన్ నొక్కండి.